‘మీ ఏరియాలో ఏ సమస్యా లేదండి’ అని చెప్పి ఫోన్ పెట్టేస్తే తర్వాత ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా: మూడు వారాలుగా ఇంట్లో నెట్‌వర్క్ వస్తూ పోతూ ఉంది. ఒక్కోసారి సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా కాల్ వెళ్లదు. ఒక్కోసారి మొత్తానికే పోయి గంటన్నర తర్వాత వస్తుంది. కస్టమర్ కేర్‌కి ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ ‘మీ ఏరియాలో సమస్య ఏమీ లేదు, ఫోన్ రీస్టార్ట్ చేసి చూడండి’ అన్నారు. రెండు కంప్లైంట్లని ‘పరిష్కరించాం’ అని మెసేజ్ పెట్టి వాళ్లే మూసేశారు. బ్యాంకు ఓటీపీలన్నీ ఈ నంబరుకే వస్తాయి. ఇంకెవరికి చెప్పాలి? వేరే కంపెనీకి మారితే ఈ గోల తీరుతుందా?

జవాబు:

ముందు మీకు మింగుడుపడని మాట ఒకటి చెప్తాను. కస్టమర్ కేర్‌లో మాట్లాడిన మనిషి మీతో అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. ఆ మనిషి ముందున్న తెర మీద నిజంగానే ఏ సమస్యా కనిపించి ఉండదు. మీ ఇంట్లో నిజంగానే ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మీ మూడు వారాల తలనొప్పి అంతా ఆ రెండింటి మధ్య సందులోనే ఇరుక్కుని ఉంది.

నేను మొబైల్ నెట్‌వర్క్ పనిలో పద్దెనిమిదేళ్లున్నాను. మొదటి సగం టవర్లెక్కి దిగడం, రెండో సగం కంట్రోల్ రూములో కూర్చుని తెరలు చూడడం. ఆ తెర మీద ఒక్కో టవర్ ఒక్కో చుక్క. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే, ఫైబర్ తెగితే, రేడియో పెట్టె కాలిపోతే ఆ చుక్క ఎర్రబడుతుంది. అలారం వస్తుంది, టికెట్ దానంతటదే పుడుతుంది. కస్టమర్ కేర్ వాళ్లకి కనిపించేది ఆ ఎర్రచుక్కల జాబితాలో ఒక ముక్క మాత్రమే. మీ ప్రాంతం పేరు కొట్టి చూస్తారు. జాబితాలో లేకపోతే ‘సమస్య లేదు’. టవర్ బతికే ఉండి పని మాత్రం సరిగ్గా చేయకపోవడం అనే రోగం ఆ జాబితాకి ఎక్కదు.

అలాంటి రోగాలు బోలెడు. వాటిలో ఒకదాన్ని మేం ‘నిద్రపోయిన సెల్’ అంటాం. టవర్ మీద ఒక్కో దిక్కుకి ఒక్కో సెల్ చొప్పున, మామూలుగా మూడు దిక్కులకి పంచి పెడతారు. వాటిలో ఒకటి సిగ్నల్ వెదజల్లుతూనే ఉంటుంది, మీ ఫోన్ గీతలు నింపి చూపిస్తూనే ఉంటుంది, లోపల సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కడో ఇరుక్కుపోయి కొత్త కాల్ ఒక్కటీ తీసుకోదు. అలారం రాదు. చుక్క పచ్చగానే ఉంటుంది. ఆ సెల్‌లో ట్రాఫిక్ అనుమానంగా పడిపోయిందని లెక్కల్లో ఎవరైనా గమనించాలి, లేదా దాని కింద ఉండే మనిషి ఎవరైనా గట్టిగా అరవాలి. అప్పుడు ఆ పెట్టెని ఒకసారి రీసెట్ చేస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. మీకు చెప్పిన రీస్టార్ట్ సలహా సరైనదే, చెప్పాల్సింది మాత్రం వాళ్ల టవర్‌కి.

ఇక గీతల సంగతి. వాటిని నమ్మకండి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపాలన్న దానికి అందరూ పాటించే లెక్క లేదు, ఏ ఫోన్ కంపెనీ లెక్క దానిదే. 2010లో ఐఫోన్ 4ని ఒక రకంగా చేత్తో పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని గొడవైనప్పుడు, తమ ఫోన్లు చాలాసార్లు చూపాల్సిన దానికన్నా రెండు గీతలు ఎక్కువ చూపిస్తున్నాయని ఆపిల్ కంపెనీయే ఒప్పుకుంది. రెండు గీతలంటే మాటలా!

అంతకన్నా పెద్ద లోపం ఇంకోటుంది. గీతలు ఒకవైపు సంగతే చెప్తాయి. టవర్ మాట మీ ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్తాయి తప్ప, మీ ఫోన్ మాట టవర్‌కి వినిపిస్తోందో లేదో చెప్పవు. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది. మీ ఫోన్ గొంతు చించుకున్నా 4జీలో మామూలుగా 200 మిల్లీవాట్లు, అంటే ఒక వాటులో ఐదో వంతు. మైకులో మాట్లాడేవాడి మాట చివరి వరస దాకా వినిపిస్తుంది, చివరి వరసలో వాడు ఏమన్నాడో వేదిక మీదికి వినిపించదు. మూడు గీతలుండి కూడా ‘కాల్ ఫెయిల్డ్’ అని వస్తోందంటే చాలాసార్లు జరిగేది ఇదే. సిగ్నల్ తక్కువున్న చోట బ్యాటరీ గబగబా అయిపోవడానికీ, ఫోన్ వేడెక్కడానికీ కారణం కూడా ఆ గొంతు చించుకోవడమే.

కాబట్టి గీతలు వదిలేసి అంకె చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి ‘ఎబౌట్ ఫోన్’లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే టెస్ట్ స్క్రీన్ వస్తుంది. అంకె ముందు మైనస్ ఉంటుంది కాబట్టి సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీలో -85 దగ్గర ఉంటే హాయిగా ఉన్నట్టు. -100 అయితే నెట్టుకురావచ్చు. -110 దాటితే గది మారినప్పుడల్లా కాల్ తెగుతుంది. -120 అంటే ఇక ఆశ వదులుకోవడమే. 3 తగ్గితే శక్తి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతు అయినట్టు. వరండాలో -92 ఉండి పడకగదిలో -112 ఉందనుకోండి, మీ గోడలు సిగ్నల్‌లో నూరింట తొంభై తొమ్మిది పాళ్లు తినేస్తున్నాయన్న మాట. అప్పుడు కంపెనీతో కొట్లాడితే లాభం లేదు. ఇంట్లో వైఫై ఉంటే, ఫోనూ కంపెనీ రెండూ ఇస్తుంటే, వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవడమే అన్నిటికన్నా సులువైన మందు. వరండాలోనూ అంకె బాగుండి కాల్ పోవడం లేదంటే అది పూర్తిగా వాళ్ల వైపు తప్పు.

అసలు సంగతిలోకి వెళ్లే ముందు ఒక హెచ్చరిక. మిగతాదంతా చదవకపోయినా ఇది చదవండి. నెట్‌వర్క్ పోయినప్పుడు, అదే కంపెనీ సిమ్ ఉన్న ఇంకో ఫోన్‌ని పక్కన పెట్టి చూడండి. దానికి బాగానే వచ్చి, మీదొక్కటే ‘నో సర్వీస్’ అంటూ రీస్టార్ట్ చేసినా తిరిగి రాకపోతే, దాన్ని నెట్‌వర్క్ సమస్య అనుకుని కూర్చోకండి. ఎవరో మోసగాడు మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండవచ్చు. కొత్త సిమ్ మొదలవగానే పాతది చచ్చిపోతుంది, ఓటీపీలన్నీ వాడికి పోతాయి. వెంటనే ఇంకో ఫోన్ నుంచి ముందు బ్యాంకుకి చేసి లావాదేవీలు ఆపించండి, ఆ తర్వాత మొబైల్ కంపెనీకి చేయండి. మీది వచ్చి పోయే రకం కాబట్టి ఇది అయ్యుండదు. కానీ మూడు వారాలుగా ‘అది మామూలేలే’ అని అలవాటు పడ్డ మనిషికే ఈ దెబ్బ తగులుతుంది, అందుకే చెప్తున్నాను. ఎలాగూ ఓటీపీల సంగతి వచ్చింది కాబట్టి, ఆథెంటికేటర్ యాప్‌కి మార్చుకోగలిగిన ఖాతాలన్నీ మార్చేయండి. అది సిగ్నల్ లేకుండానే కోడ్ ఇస్తుంది.

ఇప్పుడు మీ రోగం ఏమిటో పట్టుకోవాలి. దానికి నాకు తెలిసిన గొప్ప పరికరం ఒక నోటుపుస్తకం, ఒక గడియారం. హాస్యానికి అనడం లేదు.

నేను టవర్ సిగ్నల్ సంగతులు చూసే రేడియో విభాగంలో ఉన్న రోజుల్లో రిటైరైన ఒక లెక్కల మాస్టారు మా ఆఫీసుకి వచ్చారు. అప్పటికే ఆయన కంప్లైంట్లు నాలుగు మూసేసి ఉన్నాయి. ఆయన అరవలేదు. సంచిలోంచి రూళ్ల నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టారు. తేదీ, పోయిన టైము, వచ్చిన టైము, గీతలెన్ని, ఇంట్లో ఎక్కడ నిలబడ్డారు, ఇరవై రెండు రోజులవి వరసగా ఉన్నాయి. ‘చూడండి నాయనా, రోజూ పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో పోతోంది, సాయంత్రం ఆరున్నరకి వస్తోంది. ఆదివారం పోవడం లేదు. వానొచ్చినా ఎండొచ్చినా ఇంతే. మీ టవర్‌కి ఆదివారం సెలవా?’ అన్నారు.

నేను ఆ పుస్తకం పక్కన పెట్టుకుని ఆ సెల్ లెక్కలు గంటల వారీగా తీశాను. మా దగ్గర రోజు సగటు చూసే అలవాటు. సగటులో అంతా బాగానే ఉంది. గంటల వారీగా గీస్తే గ్రాఫ్ మేజాబల్లలా కనిపించింది. తొమ్మిదిన్నరకి నిలువునా లేచి, సాయంత్రం దాకా చదునుగా ఉండి, ఆరున్నరకి నిలువునా పడుతోంది. అది టవర్ చెవిలో రొద. మామూలుగా ఉండాల్సిన దానికన్నా 20 డీబీ ఎక్కువ, అంటే వంద రెట్లు. ఆ రొదలో మాస్టారి ఫోన్ మాట టవర్‌కి ఏం వినిపిస్తుంది? మరుసటి రోజు పొద్దున్నే గాల్లో ఎక్కడ ఎంత సిగ్నల్ ఉందో అంకెల్లో చూపే స్పెక్ట్రం ఎనలైజర్, ఒకే దిక్కుని వినే యాంటెన్నా పట్టుకుని వీధుల్లో తిరిగాం. అంకె పెరిగిన వైపు నడవడం, తగ్గితే వెనక్కి రావడం, పిల్లలు ఆడే ‘వేడి, చల్లన’ ఆటలా. చివరికి ఒక చిన్న ఆఫీసు మేడ మీద తేలాం. సిగ్నల్ సరిగా రావడం లేదని ఎవరో చవక బూస్టర్ ఒకటి బిగించుకున్నారు. ఆఫీసు తెరవగానే స్విచ్ వేస్తారు, మూసేటప్పుడు తీసేస్తారు. వాళ్లకి నాలుగు గీతలు, చుట్టుపక్కల నాలుగు వీధులకి నరకం. అనుమతి లేని బూస్టర్‌ని చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు, కారణం ఇదే. మీకూ ఎవరైనా కొనిపెట్టుకోమని సలహా ఇస్తే వద్దనండి.

తీసిపారేశాక మాస్టారికి ఫోన్ చేస్తే మొదటి రింగులోనే ఎత్తారు. ‘పదీ ఇరవైకి వచ్చింది, రాసుకున్నాను’ అన్నారు.

ఆ ఆదివారం అన్న ఒక్క మాట లేకపోతే మేం ఇంకో నెల యాంటెన్నా దిక్కులు మార్చుకుంటూ కూర్చునేవాళ్లం. మీ దగ్గరున్న సమాచారం మా తెరల దగ్గర ఉండదు. మా యంత్రాలు టవర్ ఆరోగ్యం కొలుస్తాయి. మీ వంటింటి కిటికీ పక్కన ఏం జరుగుతోందో కొలిచేది మీరొక్కరే.

ఒక వారం రాస్తే చాలు, ఒరవడి దానంతటదే బయటపడుతుంది. కరెంటు పోయిన కొన్ని గంటలకి సిగ్నల్ పోయి, కరెంటు వచ్చిన కాసేపటికి వస్తోందంటే టవర్ బ్యాటరీలు ముసలివైపోయాయన్న మాట. ఇది పట్టుకోవడం తేలిక, బాగుచేయించడమే కష్టం, ఎందుకంటే బ్యాటరీలు కొనడానికి డబ్బు కావాలి. వాన జోరుగా పడుతున్నంతసేపూ పోయి, తెరిపివ్వగానే వస్తోందంటే చాలామంది ఫోన్‌ని తిడతారు. నిజానికి ఫోన్‌కీ టవర్‌కీ మధ్య నడిచే తరంగాలని వాన పెద్దగా ఏమీ చేయదు. ఫైబర్ లేని టవర్లు ఒకదానితో ఒకటి గుండ్రటి డ్రమ్ముల్లాంటి డిష్‌లతో మాట్లాడుకుంటాయి. ఆ తరంగాల ఫ్రీక్వెన్సీ బాగా ఎక్కువ, చినుకులు వాటిని మింగేస్తాయి. అందుకే గీతలు నిండుగా ఉండి ఏదీ తెరుచుకోదు. టవర్ మీకు పలుకుతోంది, దాని వెనక తాడు తెగింది.

రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య నెట్ నత్తనడక నడిచి, తెల్లారేసరికి గాలిలా పరుగెత్తితే అది రద్దీ. ఒక సెల్ కింద ఉన్నవాళ్లందరూ ఒకే గొట్టంలోంచి తాగాలి. దీనికి మీ చేతిలో మందు లేదు. ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగిసలాడుతుంటే మాత్రం సెట్టింగ్స్‌లో 4జీకి కట్టేసి చూడండి. వేగం కాస్త తగ్గినా నిలకడ వస్తుంది.

మీరు రాసిన ‘గీతలు ఉన్నా కాల్ వెళ్లదు’ అన్నదానికి నిద్రపోయిన సెల్, రొద కాకుండా మూడో అవకాశం ఉంది. 4జీలో మాట కూడా డేటాలాగే ప్రయాణిస్తుంది, దాన్నే వోల్టీ అంటారు. కాల్స్ నడిపే సర్వర్‌లో మీ ఫోన్ విడిగా పేరు నమోదు చేసుకోవాలి. ఆ నమోదు జారిపోయిందంటే వీడియోలు ఆడుతూనే ఉంటాయి, కాల్ మాత్రం వెళ్లదు, పైన ఉండే వోల్టీ గుర్తు మాయమవుతుంది. పాత 3జీ ఉన్నచోట ఫోన్ దాని మీదికి దిగి కాల్ చేసేది. చాలా దేశాల్లో 3జీని మూసేస్తున్నారు కాబట్టి ఆ దిగుడుమెట్టు కూడా లేదు. ఇలా అయినప్పుడు ఫ్లైట్ మోడ్ అర నిమిషం పెట్టి తీస్తే మళ్లీ నమోదవుతుంది. పోయినప్పుడల్లా డేటా పనిచేస్తోందా లేదా అన్నది తప్పకుండా రాసుకోండి. ఆ ఒక్క మాటతో అవతల ఉన్న ఇంజినీరు వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది వీధి స్థాయి జబ్బులు. నడిబొడ్డున గుండె ఆగిపోయే రకం వేరే ఉంది, దాంట్లో మీ నోటుపుస్తకం పనికిరాదు. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ కంపెనీ నెట్‌వర్క్‌కి అదే జరిగింది. నిర్వహణ పనుల్లో భాగంగా సెట్టింగుల్లో ఒక వడపోతని తీసేశారు. దారుల సమాచారం వరదలా వచ్చి పడి, నెట్‌వర్క్ నడిబొడ్డున (దాన్నే ‘కోర్’ అంటారు) డేటాకి దారి చూపే రూటర్లు కుప్పకూలాయి. కోటీ ఇరవై లక్షల మందికి పైగా కస్టమర్లకి ఫోన్లూ ఇంటి ఇంటర్నెట్టూ ఒకేసారి పోయాయి. ఆ నెట్‌వర్క్ మీద ఆధారపడ్డ ఇంటరాక్ అనే డెబిట్ కార్డు చెల్లింపులు దేశమంతా ఆగిపోయాయి. విచిత్రం ఏమిటంటే, బాగుచేయాల్సిన సిబ్బంది కూడా అదే కంపెనీ ఫోన్లు వాడుతున్నారు, ఒకరినొకరు అందుకోలేకపోయారు. తర్వాతి ఏడాది నవంబరు 8న ఆస్ట్రేలియాలో ఆప్టస్‌కి ఇంచుమించు అదే జరిగింది. సుమారు కోటి మందికి దాదాపు 14 గంటలు సర్వీసు లేదు. రూటర్లు తమని తాము విడగొట్టుకుని కూర్చుంటే కొన్నిచోట్లకి మనుషులు స్వయంగా వెళ్లి లేపాల్సి వచ్చింది. రెండు వారాలు తిరక్కుండా ఆ కంపెనీ సీఈఓ రాజీనామా చేశారు. 2018 డిసెంబరు 6న బ్రిటన్‌లో ఓటూ నెట్‌వర్క్ డేటా రోజంతా పడిపోవడానికి కారణం ఇంకా చిన్నది. నెట్‌వర్క్ పరికరాలు అమ్మే ఎరిక్‌సన్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తేదీ దాటిపోయింది. అదే రోజు, అదే కారణంతో జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ కూడా పడింది.

ఇలాంటి రోజున ఊరికే ఫ్లైట్ మోడ్ పెట్టి తీస్తూ ఉండకండి. పైన నేనే చెప్పిన చిట్కా ఇక్కడ పనికిరాకపోగా చెరుపు చేస్తుంది. 2022 జులైలో జపాన్‌లో కేడీడీఐ సంస్థ రూటర్ మార్పిడి పనిలో తప్పు చేస్తే, మొదట తెగింది పావుగంట మాత్రమే. ఆ పావుగంటలో కనెక్షన్ పోయిన ఫోన్లన్నీ ఒక్కసారిగా మళ్లీ నమోదు కోసం ఎగబడ్డాయి, వోల్టీ సర్వర్లు ఆ తొక్కిసలాటకి ఊపిరాడక పడిపోయాయి. తేరుకోవడానికి 60 గంటలు దాటింది. తలుపు దగ్గర అందరూ తోసుకుంటే ఒక్కరూ బయటికి రాలేరు కదా. అరగంటకోసారి చూడండి, చాలు. డౌన్‌డిటెక్టర్ లాంటి వెబ్‌సైట్లలో జనం పెట్టే ఫిర్యాదులు కంపెనీ ప్రకటన కన్నా ముందే వస్తాయి. కారణం ఖాయం అయ్యేదాకా నోరు విప్పకపోవడం కంపెనీల పాత అలవాటు. ‘పోయింది, మాకు తెలుసు, చూస్తున్నాం’ అన్న మూడు మాటలు మొదటి పది నిమిషాల్లో చెప్తే జనం కోపం సగం తగ్గుతుందని నేను మీటింగుల్లో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఇందులోనే ఒక ప్రమాదం దాగి ఉంది. మీ కంపెనీ సిగ్నల్ అస్సలు లేకపోతే, అత్యవసర నంబరు కొట్టినప్పుడు ఫోన్ పక్క కంపెనీ టవర్‌ని పట్టుకుని కాల్ పంపుతుంది. కోర్ పడిపోయిన రోజున టవర్లు మాత్రం సిగ్నల్ వెదజల్లుతూనే ఉంటాయి. ఫోన్ తన ఇల్లు ఉందనుకుని అక్కడే వేలాడుతుంది, పక్కింటికి పోదు. ఆప్టస్ పడిన రోజు అత్యవసర కాల్స్ రెండు వేలకు పైగా అందకుండా పోయాయి. అలాంటప్పుడు సిమ్ బయటికి తీసి మళ్లీ కొడితే ఫోన్ దొరికిన నెట్‌వర్క్ ఏదైనా పట్టుకునే అవకాశం ఉంది. కొన్ని దేశాలు సిమ్ లేని ఫోన్ నుంచి అత్యవసర కాల్‌ని అనుమతించవు కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్లో జబ్బుతో ఉన్నవాళ్లో ఉంటే వేరే కంపెనీ సిమ్ ఒకటి ఎప్పుడూ ఉంచుకోవడమే నికరమైన దారి.

సరే, మీ కంప్లైంట్ దగ్గరికి వద్దాం. ఇప్పటిదాకా మీరు బహుశా ‘నెట్‌వర్క్ అస్సలు రావడం లేదు, నెలనెలా డబ్బు కడుతున్నాం’ అని ఉంటారు. మీ బాధ నిజమే, కానీ ఆ వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు. ఒక వారం రాసుకున్నాక ఇలా పంపండి: ‘గత 7 రోజుల్లో 11 సార్లు, ఫలానా చిరునామాలో, ఎక్కువగా సాయంత్రం 7 నుంచి 9 మధ్య, సిగ్నల్ -94 డీబీఎం ఉండగా కాల్ కనెక్ట్ కావడం లేదు, డేటా పనిచేస్తోంది, వోల్టీ గుర్తు పోతోంది. ఇదే కంపెనీ సిమ్ ఉన్న ఇంకో ఫోన్‌లోనూ ఇంతే. వరండాలో కూడా ఇంతే. టవర్ సెల్ ఐడీ ఇది. రేడియో విభాగానికి పంపండి.’ సెల్ ఐడీ అంటే మీ ఫోన్ నంబరు కాదు, మీ ఫోన్ పట్టుకున్న టవర్ సెల్‌కి ఉండే నంబరు. అది ఆ టెస్ట్ స్క్రీన్లోనో, సిగ్నల్ చూపే ఉచిత యాప్‌లోనో దొరుకుతుంది. ఆ నంబరు ఉన్న టికెట్‌ని రీస్టార్ట్ సలహా ఇచ్చి మూసేయడం మొదటి మెట్టు మీదున్న మనిషికి కష్టం. ‘ఇంకో ఫోన్‌లో కూడా’ అన్న మాట ఉంటే నెపం మీ హ్యాండ్‌సెట్ మీదికి తోయలేరు. అయితే అది నిజంగా చూశాకే రాయండి. సిమ్‌ని వేరే ఫోన్‌లో వేస్తే బాగా పనిచేసిన కేసులు నేను చాలా చూశాను.

‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తే కోప్పడే ముందు ఒకటే అడగండి: ఏం మార్చారు? నిజంగా పని జరిగితే ఒక వాక్యంలో చెప్పగలరు. యాంటెన్నా వంచాం, కార్డు మార్చాం, రీసెట్ చేశాం. చెప్పలేకపోతే గడువు మీద పడుతోందని టికెట్ మూసేశారన్న మాట. టికెట్ ఎంత త్వరగా మూస్తే అంత మంచి మార్కులు వచ్చే పద్ధతిలో జరిగేది ఇదే, ఇది ఫోనెత్తే మనిషి తప్పు అనను. వాళ్లకి అరుపులే జీతం. మళ్లీ తెరిపించండి, పాత నంబరుకి కలిపే తెరిపించండి, ప్రతి నంబరూ దాచండి. ఆ తర్వాత కంపెనీలో అప్పీలు చేసుకునే అధికారి, అక్కడా కాకపోతే మీ దేశపు టెలికాం నియంత్రణ సంస్థ. కింది మెట్టు ఎక్కినట్టు నంబర్లు చూపించకపోతే పై మెట్టు మీద ఎవరూ వినరు.

ఇక వేరే కంపెనీకి మారడం గురించి. వెంటనే వద్దు. ముందు అవతలి కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ ఒకటి తీసుకుని, మీ నెట్‌వర్క్ పోయే గంటల్లో, మీ ఇంట్లోనే రెండు వారాలు వాడి చూడండి. మీ రెండు కంపెనీల యాంటెన్నాలూ ఒకే స్తంభం మీద, ఒకే బ్యాటరీ గది నుంచి, ఒకే ఫైబర్ మీద నడుస్తుండవచ్చు. అప్పుడు మారి లాభమేముంది? ఇంకో మెలిక కూడా ఉంది. పేరు వేరైనంత మాత్రాన నెట్‌వర్క్ వేరు కాదు. 2018లో ఓటూ పడిన రోజు, దాని మీద నడిచే గిఫ్‌గాఫ్, టెస్కో మొబైల్ కస్టమర్లు కూడా ఓటూ వాళ్లతో పాటే కూర్చున్నారు. అలాగే ఇంటి ఇంటర్నెట్టూ మొబైలూ ఒకే కంపెనీ దగ్గర తీసుకుంటే తగ్గింపు వస్తుందని ఆశపడకండి. రోజర్స్ కస్టమర్లకి ఆ రోజు దారులన్నీ ఒకేసారి మూసుకుపోయింది అందుకే.

పరిహారం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. 2024 ఫిబ్రవరి 22న అమెరికాలో ఏటీ అండ్ టీ పడిపోయినప్పుడు ఇచ్చింది 5 డాలర్లు. కేడీడీఐ 200 యెన్లు ఇచ్చింది, రోజర్స్ ఐదు రోజుల బిల్లు తగ్గించింది. ఆప్టస్ అయితే 200 జీబీ డేటా ఇస్తామంది, నెట్‌వర్క్ లేక నష్టపోయినవాళ్లకి అదే నెట్‌వర్క్ ఇంకాస్త! అయినా అడగండి. బిల్లులో రెండు రోజుల సొమ్ము తగ్గిస్తే మీకొచ్చేది చిల్లరే, కానీ తగ్గించారంటే లోపం ఒప్పుకున్నట్టు రాతలో పడుతుంది, తర్వాతి కంప్లైంట్‌కి అదే ఆధారం.

ఇవాళ రాత్రి చేయాల్సింది ఒకటే. ఏడింటికి, తొమ్మిదింటికి, పడుకోబోయే ముందు పడకగదిలోనూ వరండాలోనూ డీబీఎం అంకె చూసి రాసుకోండి, ఒక్కోసారి ఒక టెస్ట్ కాల్ చేయండి. వారం తర్వాత ఆ పట్టిక చూస్తే, పైన చెప్పిన వాటిలో మీది ఏదో నన్ను అడక్కుండానే మీకు తెలిసిపోతుంది. తెలియకపోతే పట్టికని ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, చూస్తాను. ఆదివారం అంకెలు మాత్రం మర్చిపోకండి.